వాటం లేని నేల

మట్టం మేస్త్రికి తమ్ముడి పెళ్ళామంటే మొదటినుంచీ పడదు. ఎందుకు పడదని అడిగితే వేళ్ళు మడిచి మరీ కారణాలు చెప్పేవాడు. పెద్దవాళ్ళ ముందు గొంతు పెంచుతుందనేవాడు, కూరలో ఉప్పు మరిచిపోతుందనేవాడు, మెట్లెక్కేటప్పుడు చెప్పుల చప్పుడు చేస్తుందనేవాడు. అసలు కారణం మాత్రం ఆయన నోట ఏనాడూ రాలేదు. గోడౌన్లు కట్టే ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా నేల విషయంలో ఆయన మాటే వేదం. ఇప్పుడు ఆ వేదాన్ని నిన్నగాక మొన్న కోడలై వచ్చిన పిల్ల కంప్యూటర్లో గీసి, కాగితం మీద అచ్చేసి, "ఇలా పొయ్యండి బావగారూ" అని చేతిలో పెడుతోంది. దీన్ని మించిన కారణం ఇంకేం కావాలి?

ఆయన పనితనాన్ని మాత్రం వేలెత్తి చూపడానికి లేదు. ఎరువుల గోడౌనైనా, మందుల గోడౌనైనా ఆయన పోసిన నేల మీద బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే చుక్క నిలవదు. కంటికి నేలంతా సమంగానే కనిపిస్తుంది. నీళ్ళు మాత్రం పుట్టింటికి బయల్దేరినట్టు చరచరా తలుపు వైపు వెళ్ళిపోతాయి. నీళ్ళు జారడానికి నేలకిచ్చే ఈ సన్నటి వాలుని మేస్త్రులు వాటం అంటారు. "చూపుకి మట్టం, నీళ్ళకి వాటం" అని జనం మెచ్చుకుని ఆయనకి ఆ పేరు పెట్టారు. సొంత పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయి చాలా కాలమైంది.

తమ్ముడు కాంట్రాక్టరు. మెత్తటి మనిషి. మెత్తటివాళ్ళందరూ మంచివాళ్ళేనని ఎవరైనా అంటే నమ్మకండి. అన్న ఎదురుగా ఉంటే అన్న చెప్పింది నిజం, పెళ్ళాం ఎదురుగా ఉంటే పెళ్ళాం చెప్పింది నిజం. ఇద్దరూ ఒకేసారి ఎదురుపడితే ఆయనకి అర్జంటుగా ఫోను వచ్చేది. అన్నదమ్ముల కాపురం ఒకే ఇంట్లో, అన్న కింద, తమ్ముడు పైన. కాబట్టి సైటులో మొదలైన పోట్లాట ఇంటికొచ్చి మెట్ల దగ్గర కాసేపు ఆగి మళ్ళీ సైటుకి వెళ్ళేది.

ఇలా ఉండగా ఆ పెద్ద పని వచ్చింది. అది మామూలు గోడౌను కాదు. పన్నెండు మీటర్ల ఎత్తు ర్యాకులు, వాటి మధ్య ఒక బండి మాత్రం పట్టే సందులు, ఆ సందుల్లో మనిషి లేకుండా తిరిగే ర్యాకులంత ఎత్తు బండ్లు. పెట్టె ఎక్కడుందో బండికే తెలుసు, అదే వెళ్ళి, అదే ఎత్తి, అదే తెచ్చి లారీ దగ్గర పెడుతుంది. డిజైనంతా మరదలిదే. స్తంభాల మధ్య దూరం ర్యాకుల కొలతని బట్టి పెట్టింది. బండ్ల కళ్ళలో ఎండ పడకూడదని గోడలకి కిటికీలు లేకుండా చేసింది. బండ్లు చార్జింగ్ పెట్టుకోవడానికి ఒక గది ఇచ్చింది గానీ, మనుషులు అన్నం తినడానికి చూపించిన గది అందులో సగం కూడా లేదు.

"బండ్లు పడుకోవడానికి పడకగది, మనుషులకి గూడు. బాగుంది నీ సంసారం," అన్నాడు మేస్త్రి డ్రాయింగు చూసి.

"మనుషులు పన్నెండు మందే ఉంటారు బావగారూ. పాత గోడౌన్లో వంద మంది రోజంతా నడవడానికే సరిపోయేది, పని జరిగేది తక్కువ. ఆ నడక తీసెయ్యడానికే ఈ బిల్డింగు," అంది ఆమె, కాగితం మీంచి తలెత్తకుండా. "మీరు చూడాల్సింది అది కాదు. నేల చూడండి."

నేల దగ్గర రాసి ఉంది: వాటం సున్నా.

మేస్త్రి ఆ సున్నాని చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్ళలో ఆయనకి అలాంటి అంకె ఎవరూ రాసివ్వలేదు. తాపీ పట్టుకోవడం రాని మనిషి రాసిన అంకె అలాగే ఉంటుందిలే అనుకున్నాడు.

ఆమె మాత్రం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. బండి రెండు చక్రాల మధ్య మీటరున్నర. అక్కడ మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే, పైన పన్నెండు మీటర్ల ఎత్తులో బండి ఇరవై నాలుగు మిల్లీమీటర్లు పక్కకి ఒరుగుతుంది. ఒరిగితే ర్యాకుని గీరుతుంది, లేదా పెట్టెని వదిలేస్తుంది. వినేవాళ్ళకి అర్థమయ్యేలాగే చెప్పింది, వినేవాడు మేస్త్రి కాకపోతే.

యజమాని తరఫున పని చూసుకునే ఆయన ఒకడున్నాడు. మాటకోసారి చేతి గడియారం చూసుకుంటాడు కాబట్టి కూలీలు ఆయన్ని గడియారం సారు అనేవారు. ఆయన మొదటిరోజే తేల్చి చెప్పేశాడు. నేల రెండు సగాలుగా పోయాలి. మట్టం కుదిరితే సరే. కుదరకపోతే పని నేలలు పోసే మిషను ఉన్న కంపెనీకి ఇస్తారు, ఆ తర్వాత తాము కట్టే ఏ గోడౌన్లోనూ మేస్త్రుల చేత నేల పోయించరు. చుట్టుపక్కల గోడౌన్లు కట్టించేది వాళ్ళే. అంటే ఈ నేల తప్పితే మట్టం మేస్త్రికి ఇక నేల లేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి, ఆయన వెనకున్న పదకొండు మంది పనివాళ్ళకి అదొక్కటే బతుకు. ఆ సంగతి అందరికన్నా బాగా ఆయనకే తెలుసు.

నేలని నాలుగేసి మీటర్ల వెడల్పు పట్టీలుగా పోస్తారు. మొదటి రెండు పట్టీలు మేస్త్రి పళ్ళు బిగించుకుని ఆమె రాసినట్టే పోశాడు. సున్నా అంటే సున్నా. రసమట్టంలో బుడగ నడిమధ్య నిలబడేదాకా ఊపిరి కూడా పీల్చలేదని పనివాళ్ళు చెప్పుకున్నారు. మర్నాడు ఆ పట్టీల మీద నీళ్ళు చల్లుతుంటే మరదలు వచ్చింది, కాసేపు నిలబడి చూసింది.

"నీళ్ళు తలుపు వైపు పోతున్నాయి బావగారూ."

"చల్లినవాడు అటు చల్లాడు."

"చల్లినవాడు మధ్యలో నిలబడి చల్లాడు. నేను చూస్తూనే ఉన్నా."

"అయితే గాలికి పోతున్నాయి."

"కిటికీలే లేవు, గాలెక్కడిది?" అంది. పదకొండు మంది పనివాళ్ళలో ఎవడో కిసుక్కున నవ్వాడు. "ఇది తడిగుడ్డతో తుడుచుకునే ఇంటి నేల కాదు. మీకు చేతకాకపోతే ఇప్పుడే చెప్పండి, ఇంకా రెండు పట్టీలే అయ్యాయి."

మేస్త్రి మొహం కందగడ్డలా అయింది. ఆ రెండు పట్టీలూ ఆయన పుట్టి బుద్ధెరిగాక చేసిన పనులన్నిటికన్నా నిజాయితీగా చేసినవి. చెయ్యని తప్పుకి నలుగురిలో మాట పడ్డాడు. ఆమె వెళ్ళిపోయాక పనివాళ్ళ వైపు తిరిగి, "ఎటూ మాట పడ్డాం కదా, తప్పు చేసే పడదాం. మూడో పట్టీ నుంచి వాటం ఇస్తున్నా. ఎవడైనా నోరు విప్పాడో, వాడికీ నాకూ ఇదే ఆఖరి పని," అన్నాడు. మీటరుకి రెండు మిల్లీమీటర్లు, తలుపు వైపుకి. కంటికి ఆనదు. బండ్లు అలాగే నడుస్తాయి, ఎందుకు నడవవు, ఇన్నాళ్ళూ లారీలు నడవలేదా అనుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషికి నాలుగో కాలు చూపించడం ఎవరి తరం?

నెల తిరిగేసరికి మొదటి సగం పూర్తయింది. కొలతల మనిషి వచ్చాడు. పిల్లలు తాడు కట్టి లాక్కుపోయే బొమ్మబండిలాంటిదాన్ని నేల మీద ఆ చివరినుంచి ఈ చివరికి నడిపించాడు. బండి నడిచినంతసేపూ దాని నెత్తినున్న చిన్న తెర మీద గీత పడుతూ వచ్చింది. ఆ గీత చూసి గడియారం సారు గడియారం చూసుకోవడం మరిచిపోయాడు.

"ఒకవైపు వాలింది. గోడ నుంచి తలుపుకి ముప్పై మీటర్లలో ఆరు సెంటీమీటర్లు. ఇది ఎవరు చెప్తే చేశారు?"

తమ్ముడు అన్న వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. ఆ రోజు ఆయన ఫోను మోగలేదు.

మేస్త్రి ముందే అన్నీ సిద్ధం చేసుకున్నాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి విప్పాడు. అది మరదలు మొట్టమొదట గీసిన డ్రాయింగు, లోపలి నేలకి సున్నా అని రాయకముందుది. తలుపు బయట లారీలు ఆగే అరుగుకి వాటం ఇమ్మని అందులో ఒక బాణం గీసింది. తొందరలో గీసిందేమో, బాణం తోక గుమ్మం దాటి లోపలిదాకా వచ్చింది. పక్కనే రాసి ఉంది, మీటరుకి రెండు మిల్లీమీటర్లని.

"అమ్మాయి రాసిచ్చిందే పోశాను. నాకు ఇంగ్లీషు రాదు గానీ బాణం కనబడుతుంది," అన్నాడు.

"అది బయట అరుగుకి," అంది మరదలు.

"మరి లోపల మొదలెట్టావెందుకమ్మా?" అన్నాడు గడియారం సారు.

ఆమె ఏదో చెప్పబోయింది. చేతిలో కొలతల మనిషి ఇచ్చిన కాగితాలున్నాయి, పట్టీ పట్టీకీ ఒక పేజీ. మొదటి పేజీ చూసింది, రెండో పేజీ చూసింది. తర్వాత వాటిని మడిచి సంచిలో పెట్టుకుంది. "బాణం నాదే," అంది, అంతే. ఎప్పుడూ ఒకటికి నాలుగు చెప్పే మనిషి నోరు మూసుకునేసరికి మేస్త్రికి ఒక్క క్షణం గుండెల్లో ఏదో కలుక్కుమంది. మరుక్షణంలో గెలిచానన్న సంతోషం దాన్ని తుడిచేసింది. పాపం, ఆ కలుక్కుమన్నదాన్నే నమ్ముకుని ఉంటే బాగుండేది.

మొదటి సగం మీద తర్వాత ఇంకో పొర వేసి సరిచెయ్యాలన్నారు. రెండో సగం పొయ్యడానికి మేస్త్రికి ఇంకొక్క అవకాశం ఇచ్చారు, ఈసారి మట్టం తప్పితే అన్నీ మిషను కంపెనీకే అన్నారు. మరదల్ని సైటుకి రావద్దన్నారు. ఆ మాట చెప్పింది ఆమె మొగుడే, అన్నం తినే వేళ, కంచంలోకి చూస్తూ. ఆమె సరే అంది. ఆ నెలంతా ఇంట్లో ఆమె మేస్త్రికి అన్నం వడ్డించింది, మంచినీళ్ళు పెట్టింది, "ఇంకాస్త వేసుకోండి బావగారూ" అంది. ఆ మర్యాదకి ఆయన ఒళ్ళు మండేది. పెట్టే చెయ్యి కొట్టే చెయ్యిలా ఉంటే ముద్ద ఎలా దిగుతుంది?

సైటులో మాత్రం ఆయన తపస్సే చేశాడు. దొంగబుద్ధి పూర్తిగా వదిలేశాడు. వాటం ఇస్తే తన మెడకి తానే ఉరి వేసుకున్నట్టని తెలుసు. నీటి గొట్టంతో మట్టం చూసుకునే ఆయన, తమ్ముడు తెచ్చిన, ఎర్రగీతతో మట్టం చూపించే లేజరు మిషనుకి కూడా తల వంచాడు. పట్టీల అంచులు దాంతోనే పెట్టించాడు. పొద్దున్నే కాంక్రీటు పోయించి, అంచునుంచి అంచుకి పొడుగాటి బద్దతో గీయించి, కాస్త బిగిశాక తానే మోకాళ్ళ మీద కూర్చుని తాపీ పట్టేవాడు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. నడుము పట్టేసినా లేవలేదు. తాపీ ఆనించి లాగడం, మళ్ళీ ఆనించి లాగడం. "ఇది చూసి ఆ పిల్ల నీళ్ళు నమలాలిరా," అనేవాడు పనివాళ్ళతో. రోజూ సాయంత్రం రసమట్టం పెట్టి చూసుకునేవాడు. బుడగ మధ్యలోనే ఉన్నట్టు కనబడేది. ముప్పై ఏళ్ళుగా ఆ బుడగని చూస్తున్న కళ్ళకి ఏది మధ్యో ఆ కళ్ళే నిర్ణయించుకుంటాయి.

కొలతల మనిషి మళ్ళీ వచ్చిన రోజున మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మరదలూ వచ్చింది. ఎవరూ పిలవలేదు. వచ్చి స్తంభం పక్కన నిలబడింది, పొమ్మనే ధైర్యం మొగుడికి లేదు.

బొమ్మబండి మొదటి పట్టీ దాటింది, రెండోది దాటింది. కొలతల మనిషి ఆగి, బండిని వెనక్కి తీసుకెళ్ళి, మళ్ళీ నడిపించాడు. ఇంకో పట్టీ మీదికి మార్చి నడిపించాడు. ఆయనకి ఎవరి మీదా కోపం లేదు, కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"అంచులు సరిగ్గానే ఉన్నాయి సార్. పట్టీ మధ్యలో వాలింది. చక్రాల దగ్గర మూడు మిల్లీమీటర్లు, ముందుసారి ఎంతో ఇప్పుడూ అంతే. తలుపు వైపే."

"మిషను తప్పు," అన్నాడు మేస్త్రి. "తమ్ముడూ, ఈ మిషను పాడైపోయిందిరా. నేను పోసిన నేల నాకు తెలియదా?"

మరదలు గోడ దగ్గరికి వెళ్ళి, పనివాళ్ళు కాళ్ళు కడుక్కునే బకెట్టు తీసుకొచ్చి, పట్టీ నడుమ నిలబడి నెమ్మదిగా వంచింది. నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించాయి. ఆ తర్వాత అన్నీ ఒక్క మాట మీద తలుపు వైపు బయల్దేరాయి, పట్టీ అంచు దగ్గర బారుగా నిలిచాయి. ఎంత ముచ్చటగా పారాయంటే, ఇంకో గోడౌన్లో అయితే జనం మేస్త్రి భుజం తట్టేవారు.

"నేను వాటం ఇవ్వలేదు," అన్నాడు మేస్త్రి. "ఈసారి నేను ఇవ్వలేదురా తమ్ముడూ. ఒట్టు."

"తెలుసు," అంది మరదలు. ఆమె సంచిలోంచి పాత కాగితాలు తీసింది. "మీరు కావాలని వాటం ఇచ్చింది మూడో పట్టీ నుంచి కదా బావగారూ. మీ పనివాళ్ళకి ఆ రోజు చెప్పారుగా, వాళ్ళలో ఒకడి నోట నాకూ తెలిసింది. మొదటి రెండూ నిజాయితీగా పోశారు. చూడండి, వాటికీ అంతే ఉంది. మూడోదానికీ మొదటిదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. మీరు ఇద్దామనుకున్నా అదే వస్తుంది, వద్దనుకున్నా అదే వస్తుంది. మీ చేతికి ఇంకోటి రాదు."

మేస్త్రి కాగితం అందుకున్నాడు. అందులో గీతలు తప్ప ఆయనకి ఏమీ తెలియలేదు.

"ఇది నీకు నెల కిందటే తెలుసు."

"తెలుసు."

"ఆ రోజే చెప్పొచ్చుగా."

"చెప్తే? మీరు ఇంకో కాగితం తీసేవాళ్ళు. మీ తమ్ముడు మీరు చెప్పిందే నిజమనేవాడు." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మేస్త్రికి కాస్త సుఖంగా ఉండేది. "నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు. నా డ్రాయింగు తప్పని నలుగురిలో ఒప్పించారు. నేను మీకు నెల రోజులు అన్నం పెడుతూ కూర్చున్నాను, మీరు ఈ సగం కూడా పోసేదాకా."

"ఇంత నేల పాడు చేయించావు."

"నేను చేయించలేదు. ఆపలేదు, అంతే."

ఆమె మంచిదని ఈ కథ చెప్పేవాళ్ళెవరూ అనరు. ఒక్క మాటతో ఆగేదానికి సగం గోడౌను బలి పెట్టింది, మొగుడి కంపెనీ పరువూ అందులోనే కలిపింది. అయితే ఆ ఒక్క మాట ఆమె మొదటే అంది. నీళ్ళు తలుపు వైపు పోతున్నాయని అంది. ఎవరు విన్నారు?

గడియారం సారు గడియారం చూసుకుని ఫోను అందుకున్నాడు. పావుగంటలో అంతా తేలిపోయింది. నేల ఇక మిషను కంపెనీది. పైన పొరలు వెయ్యడం వాళ్ళు ఒప్పుకోరు, ర్యాకుల బోల్టులు పట్టాలంటే నేలంతా ఒక్క ముద్దగా ఉండాలట. రెండు సగాలూ పగలగొట్టి అప్పగించాలి. డిజైను ఆమెదే, ఆమె సంతకం లేకుండా ఇక సైటులో ఇటుక కూడా కదలకూడదు. చెప్పాల్సింది చెప్పేసి ఆయన వెళ్ళిపోయాడు. కొలతల మనిషి బొమ్మబండిని పెట్టెలో సర్దుకున్నాడు.

తమ్ముడు అన్న దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఎన్నాళ్ళకో సొంతంగా ఒక నిర్ణయం తీసుకున్నాడు. అది ప్రేమతోనే తీసుకున్నాడు, అందులో సందేహం లేదు.

"బాధపడకు అన్నయ్యా. పగలగొట్టే పని బయటివాళ్ళకి ఇవ్వను. నీకే ఇస్తాను. మనవాళ్ళు పదకొండు మందికీ రెండు నెలల పని."

పనివాళ్ళు మేస్త్రి మొహంలోకి చూశారు. వాళ్ళకి ఇంకో పని లేదు. ఆయన కాదంటే రేపటినుంచి వాళ్ళూ లేరు. మేస్త్రి తమ్ముడి చేతిని భుజం మీంచి తీసేశాడు. కోపంగా తియ్యలేదు, బరువుగా ఉంటే తీసినట్టు తీశాడు. తర్వాత స్తంభం పక్కనున్న మరదలి వైపు తిరిగాడు. ఆ ఇంటికి ఆమె కోడలై వచ్చాక పని గురించి ఆయన ఆమెని ఏదైనా అడగడం అదే మొదలు.

"ఎక్కణ్ణించి మొదలెట్టమంటావు?"

ఆమె కాగితాలు తిప్పి చూసింది.

"మొదటి పట్టీ నుంచి, బావగారూ."

ఆయన తలూపాడు. తాపీలు లారీలో పడేసి సమ్మెటలు తెమ్మని పనివాళ్ళకి చెప్పాడు.